గూడు కోసం వాయించిన పిల్లలు

1740లో దక్షిణ కరోలినాలో ఒక చట్టం వచ్చింది. అప్పటికి అమెరికా అనే దేశం ఇంకా పుట్టలేదు. దక్షిణ కరోలినా బ్రిటిష్ వాళ్ల వలస ప్రాంతం. దాని రాజధాని చార్ల్‌స్టన్ రేవుపట్నం. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులను ఉత్తర అమెరికాలో అన్ని రేవులకంటే ఎక్కువగా దించిన రేవు అదే. బానిసకు రాయడం నేర్పిన వారికి ఆ చట్టం వంద పౌండ్ల జరిమానా విధించింది. బానిసలు డోళ్లు, కొమ్ములు, గట్టిగా మోగే వాయిద్యాలు వాడకూడదని, దగ్గర ఉంచుకోకూడదని కూడా అదే చట్టం చెప్పింది.

అక్షరమూ డోలూ ఒకే చట్టంలో చిక్కుకోవడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది, 1739 సెప్టెంబరు 9న, స్టోనో నది ఒడ్డున దాదాపు ఇరవై మంది బానిసలు తిరగబడ్డారు. ఒక దుకాణం కొల్లగొట్టి తుపాకులు తీసుకున్నారు. డోళ్లు వాయిస్తూ దక్షిణంగా, స్పెయిన్ ఏలుబడిలోని ఫ్లోరిడా వైపు నడిచారు. అక్కడికి చేరితే స్వేచ్ఛ దొరుకుతుందని వాళ్లకు తెలుసు. డోళ్ల చప్పుడు విని దారిలో మరికొందరు కలిశారు. పొద్దు వాలేలోగా ఆ తిరుగుబాటును రక్తపాతంతో అణచివేశారు. యజమానులకు మాత్రం ఒక సంగతి గట్టిగా తెలిసివచ్చింది. దూరాన ఉన్న మనిషికి ఉత్తరం ఎలా కబురు అందిస్తుందో, డోలూ అలాగే అందిస్తుంది.

ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు అదే చార్ల్‌స్టన్ వీధుల్లో నల్లజాతి పిల్లలు డోళ్లు, ఇత్తడి కొమ్ములు పట్టుకుని నిలబడ్డారు. తమ తిండికి, గూటికి, చదువుకు కావలసిన డబ్బును వాళ్లే వాయించి సంపాదించారు. ఆ మేళంలోంచి జాజ్ సంగీతంలో పేరు మోసిన కళాకారులు కొందరు వచ్చారు. అందుకే ఈ కథను గెలుపు కథగా చెప్పడం మామూలు. అందులో గెలుపు ఉన్న మాట నిజమే. కానీ తల మీద కప్పు నిలవాలంటే పిల్లలు వాయించి తీరాలనే పరిస్థితి ఎలా వచ్చింది? ఆ ఏర్పాటు పిల్లలకు ఏమిచ్చింది, వాళ్ల నుంచి ఏం తీసుకుంది? ఈ ప్రశ్నలు పాతబడలేదు. ఇవాళ్టికీ చాలా దేశాల్లో అనాథాశ్రమాల పిల్లలు దాతల ముందు పాడుతున్నారు, ఆడుతున్నారు.

కథ 1865 నుంచి మొదలుపెట్టాలి. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయిన సంవత్సరం అది. దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు నలభై లక్షల మంది స్వేచ్ఛ పొందారు. వాళ్లు మొట్టమొదట చేసిన పనులు రెండు. అమ్మకాల్లో చెల్లాచెదురైన బిడ్డలను, తల్లులను వెతుక్కున్నారు. బడికి వెళ్లారు. అక్షరం నేర్వడం నేరంగా ఉన్న చోట తాతలు, మనవలు ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దారు. కేంద్ర ప్రభుత్వం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (బానిసత్వం నుంచి బయటపడిన వారికి సాయం చేసే తాత్కాలిక శాఖ) ద్వారా కొన్నాళ్లు బడులకు అండగా నిలిచింది. 1872లో ఆ శాఖ మూతపడింది.

అదే సమయంలో మరో చట్టం పిల్లల కోసం వలపన్నింది. 1865 చివర్లో మిసిసిపీ రాష్ట్రం అప్రెంటిస్ చట్టం (పిల్లలను పని నేర్పే పేరుతో ఒక యజమానికి కట్టబెట్టే చట్టం) చేసింది. తల్లిదండ్రులు లేని పిల్లలనూ, ఉన్నా పోషించలేని వాళ్ల పిల్లలనూ కోర్టు ఒక యజమానికి అప్పగించవచ్చు. ఆ పిల్లల పాత యజమాని ముందుకొస్తే అతనికే మొదటి అవకాశం. మగపిల్లలకు ఇరవై ఒకటి, ఆడపిల్లలకు పద్దెనిమిది ఏళ్లు నిండేదాకా ఆ కట్టుబాటు సాగుతుంది. మన పల్లెల్లో అప్పు కింద పిల్లవాణ్ణి పాలేరుగా కుదిర్చినట్టే ఇదీ. తేడా ఏమిటంటే, ఇక్కడ కుదిర్చింది తండ్రి కాదు, కోర్టు. తల్లి పేదరికాన్ని ముందు నేరంగా చూపడం, తర్వాత బిడ్డ మేలు పేరుతో బిడ్డను తీసుకుపోవడం ఈ చట్టం పనిచేసే తీరు. మేరీల్యాండ్‌లో ఎలిజబెత్ టర్నర్ అనే బాలికను స్వేచ్ఛ వచ్చిన రెండు రోజులకే ఇలా పాత యజమానికి కట్టబెట్టారు. 1867లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సాల్మన్ చేజ్ ఆ కట్టుబాటు చెల్లదని తీర్పు చెప్పారు. తీర్పు గొప్పదే. కానీ అప్పటికే వేలమంది పిల్లలు ఇలాంటి కాగితాల కింద పాత పొలాల్లోకి తిరిగి వెళ్లిపోయారు.

పిల్లల్ని ఇంట్లోనే ఉంచి పోషించుకునే దారి లేకుండా చేస్తే, వాళ్లకోసం బయట ఏదో ఒక గూడు కట్టాల్సి వస్తుంది. గూటికి డబ్బు కావాలి. సర్కారు ఇవ్వనప్పుడు ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మొదటి జవాబు టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో దొరికింది.

అక్కడ 1866లో ఫిస్క్ అనే విద్యాసంస్థ తెరుచుకుంది. సైన్యం వదిలేసిన ఆసుపత్రి షెడ్లే దాని తరగతి గదులు. ఒకప్పుడు బానిసల్ని బంధించిన కొట్టులో మిగిలిన తుప్పుపట్టిన సంకెళ్లను పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకాలు కొన్నారని ఆ సంస్థ చరిత్ర చెబుతుంది. ఐదేళ్లు తిరిగేసరికి షెడ్లు కూలే స్థితికి వచ్చాయి. అప్పులు పెరిగాయి. అప్పుడు కోశాధికారి జార్జ్ వైట్ ఒక సాహసం చేశాడు. సంగీతం నేర్పేదీ ఆయనే. 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది విద్యార్థులను వెంటబెట్టుకుని పాటల యాత్రకు బయలుదేరాడు. వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లు. అందరిలో చిన్నది మిన్నీ టేట్, వయసు పద్నాలుగు. పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ చిన్నప్పుడే తల్లికి దూరమైంది. తండ్రి డబ్బు కట్టి బిడ్డను విడిపించుకోగలిగాడు కానీ తల్లిని విడిపించుకోలేకపోయాడు. యుద్ధం అయ్యాకే తల్లీ కూతుళ్లు కలిశారు.

మొదట్లో వాళ్లు పాడింది తెల్లవాళ్ల కచేరీ పాటలే. స్పిరిచువల్స్ (బానిసలు తమలో తాము కట్టుకుని పాడుకున్న భక్తి గీతాలు) తమ గదుల్లో మాత్రమే పాడుకునేవారు. అవి తల్లిదండ్రుల కన్నీళ్లతో ముడిపడ్డ పాటలు. వాటిని నలుగురి ముందు టికెట్టు పెట్టి పాడటానికి మనసొప్పలేదు. అయితే కచేరీ పాటలకు జనం రాలేదు. హోటళ్లు గదులివ్వలేదు. ఒహాయోలోని ఓబర్లిన్‌లో ఆ నవంబరులో ఒక సభలో స్పిరిచువల్స్ అందుకున్నాక గాలి మారింది. డిసెంబరుకల్లా బ్రూక్లిన్‌లోని పెద్ద చర్చిలో పాడారు. మరుసటి ఏడాది అధ్యక్షుడు గ్రాంట్ ముందు, 1873లో విక్టోరియా రాణి ముందు పాడారు. 1878లో బృందం విడిపోయేనాటికి దాదాపు లక్షా యాభై వేల డాలర్లు సంపాదించారు. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాల్ ఇప్పటికీ నాష్‌విల్‌లో నిలిచి ఉంది. దక్షిణాదిలో నల్లజాతి వారి చదువు కోసం కట్టిన తొలి శాశ్వత భవనంగా దానికి పేరుంది. ఆ బృందంలో పాడిన ఫ్రెడరిక్ లౌడిన్ తర్వాత సొంత జట్టు కట్టి ప్రపంచం చుట్టి, మన దేశానికీ వచ్చాడు. తాజ్‌మహల్ లోపల కూడా ఆ పాటలు మోగాయి.

ఆ భవనం కోసం పాడిన తొలి జట్టులో చాలామంది మాత్రం చదువు పూర్తి చేయలేకపోయారు. ఏళ్ల తరబడి రైళ్లలో, ఓడల్లో, చలిలో తిరిగారు. రోజూ కచేరీ. గొంతులు దెబ్బతిన్నాయి. ఆరోగ్యాలు పాడయ్యాయి. బెంజమిన్ హోమ్స్ అనే గాయకుడు క్షయతో చనిపోయాడు. తమ తర్వాత వచ్చే వాళ్లకు తరగతి గదులు కట్టడానికి వీళ్లు తమ తరగతి గదుల్ని వదులుకున్నారు. ఫిస్క్ గాయకుల్లో ఎక్కువమంది యువతీయువకులు. వాళ్లు కొంతవరకు తెలిసే ఆ త్యాగం చేశారు. ఇదే పద్ధతి పదేళ్ల పిల్లల మీదికి వచ్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది.

1891 డిసెంబరులో చార్ల్‌స్టన్‌లో డేనియల్ జెంకిన్స్ అనే బాప్టిస్టు పాస్టరుకు చలిలో ముడుచుకు కూర్చున్న నలుగురు అబ్బాయిలు కనిపించారు. వాళ్లకు ఎవరూ లేరు. ఆయన ఇంటికి తీసుకెళ్లాడు. ఆయనా బానిసగా పుట్టి, అనాథగా పెరిగినవాడే. ఆ నలుగురితో మొదలైన ఆశ్రమంలో కొద్దికాలానికే వందల మంది చేరారు.

నిజానికి ఆ నగరానికి అప్పటికే ఒక అనాథ శరణాలయం ఉంది. 1790లోనే నగర ఖజానా డబ్బుతో పెట్టారు. అమెరికాలో ప్రభుత్వ ఖర్చుతో నడిచిన తొలి అనాథ శరణాలయం అదేనని చెబుతారు. అందులో తెల్లజాతి పిల్లలకే చోటు. ఒకే ఊరు, ఒకే చలి. ఒకరి పిల్లలు పన్నుల డబ్బుతో పెరిగారు, మరొకరి పిల్లలు వీధిన పడ్డారు. 1895లో దక్షిణ కరోలినా కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఆస్తి, అక్షరాస్యత షరతులు పెట్టి నల్లజాతి వారి ఓటును దాదాపు తుడిచేసింది. రెండు జాతుల పిల్లలకు బడులు వేరుగా ఉండాలని రాసింది. ఓటు లేని వాళ్ల పిల్లల గురించి బడ్జెట్టులో అడిగే నోరు ఉండదు. జెంకిన్స్ ఆశ్రమంలో పిల్లల బ్యాండు పుట్టడానికి అసలు కారణం ఈ వివక్షే. సంగీతం మీద మక్కువ తర్వాతి సంగతి.

నగరం ఆశ్రమానికి ఒక పాత కట్టడం ఇచ్చింది. ఒకప్పుడు నావికుల ఆసుపత్రిగా వాడిన భవనం, ఫ్రాంక్లిన్ వీధిలో, జైలు పక్కన. ఇచ్చిన సొమ్ము స్వల్పం. జెంకిన్స్ పిల్లలకు చదువుతో పాటు చెప్పులు కుట్టడం, సేద్యం, అచ్చుపని నేర్పించాడు. ఆశ్రమంలోనే ఒక వారపత్రిక అచ్చయ్యేది. అయినా ఖర్చులు గట్టెక్కలేదు. అప్పుడు ఎవరో వాడి వదిలేసిన ఇత్తడి వాయిద్యాలు పోగుచేశాడు. ఊళ్లోని సైనిక కళాశాలలో పాతబడిన యూనిఫారాలు తెచ్చాడు. మంచి గురువులను పెట్టాడు. పిల్లలు వీధి మూలన నిలబడి వాయించేవారు. మేళం ముందు ఒక బుడతడు చేతులూపుతూ, అడుగులు వేస్తూ నడిపించేవాడు. జనం మూగేవారు. టోపీ చేతులు మారేది. 1740 చట్టం ఏ వాయిద్యాలకు భయపడిందో అవే ఇప్పుడు రొట్టెలు సంపాదించాయి.

1895లో జెంకిన్స్ ఒక పెద్ద పందెం వేశాడు. బ్యాండు పిల్లలను తీసుకుని లండన్ వెళ్లాడు. ఫిస్క్ గాయకులు రాణి ముందు పాడిన ఊరు కదా, తమకూ విరాళాలు దొరుకుతాయని ఆశ. కానీ ఇరవై రెండేళ్లలో ఇంగ్లండ్ మారింది. పిల్లల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే చట్టం అక్కడ 1889లో వచ్చింది, 1894లో మరింత బిగిసింది. చిన్నపిల్లల చేత వీధుల్లో డబ్బు కోసం ప్రదర్శనలు ఇప్పించడం దాని కింద నేరం. జెంకిన్స్ పిల్లలతో సహా బో స్ట్రీట్ న్యాయస్థానంలో నిలబడాల్సి వచ్చింది. వాయించడానికి వీల్లేదు, తిరిగి వెళ్లడానికి డబ్బు లేదు. ఈ వార్త పత్రికల్లో వచ్చాక కొందరు సాయం చేశారు. పిల్లలు ఇల్లు చేరారు.

ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. ఇక్కడ ఇద్దరిదీ న్యాయమే. చట్టం చెప్పింది సరైన మాట: పదేళ్ల పిల్లవాడు పొట్ట కోసం వీధిలో వాయించకూడదు. జెంకిన్స్ దగ్గరున్నదీ సరైన ప్రశ్నే: వాయించకపోతే వీళ్లకు అన్నం ఎవరు పెడతారు? వాయించవద్దన్న చట్టం ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేదు. పిల్లల రక్షణ చట్టాలు చాలాచోట్ల ఇలా సగంలోనే ఆగిపోతాయి. పని మాన్పిస్తాయి. ఆ పని తెచ్చే కూడును మాత్రం భర్తీ చేయవు. అప్పుడు పిల్లవాడు చట్టం కంటపడని మరో మూలకు జరుగుతాడు.

బ్యాండు ఆగలేదు. వేసవిలో ఉత్తరాది నగరాలకు, చలికాలంలో ఫ్లోరిడాకు తిరిగింది. 1905లో థియోడర్ రూజ్‌వెల్ట్, 1909లో టాఫ్ట్ అధ్యక్షులుగా ప్రమాణం చేసినప్పుడు ఊరేగింపుల్లో వాయించింది. 1914లో మళ్లీ లండన్ వెళ్లి ఆంగ్లో-అమెరికన్ ప్రదర్శనలో పాల్గొంది. 1920లలో ఒకే ఆశ్రమం నుంచి ఐదు బ్యాండులదాకా దేశంలో తిరిగాయి. 1927లో న్యూయార్క్‌లో ‘పోర్గీ’ నాటకం ఆడినప్పుడు రంగస్థలం మీదకు నిజమైన జెంకిన్స్ బ్యాండే వచ్చింది.

సంగీతం గురించి తక్కువ చేసి చెప్పడం అన్యాయం. అక్కడి శిక్షణ కఠినమైనది, నిఖార్సైనది. పిల్లలు స్వరాలు చదవడం నేర్చుకున్నారు. ఒకటికి నాలుగు వాయిద్యాలు పట్టారు. నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రులను పోగొట్టుకుని అక్కడ చేరిన క్యాట్ ఆండర్సన్ తర్వాత డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందంలో ట్రంపెట్ వాయించాడు. ఆకాశానికెక్కే అతని పై స్థాయి స్వరాలను ఇప్పటికీ ట్రంపెట్ విద్యార్థులు ఆశ్చర్యంగా వింటారు. ఆ బ్యాండుతో తిరిగిన ఫ్రెడీ గ్రీన్ కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి చనిపోయేదాకా, యాభై ఏళ్లు, గిటారు వాయించాడు. చేతిలో విద్య ఉండటం అంటే ఏమిటో నల్లజాతి యువకుడికి ఆ రోజుల్లో తెలుసు. పత్తి పొలం, ఓడరేవు కూలీ కాక మూడో దారి ఒకటి ఉందన్నమాట.

జాబో స్మిత్ కథ ఇంకో వైపు చూపిస్తుంది. అతనూ మహా ట్రంపెటర్. 1929లో అతను చేసిన రికార్డులను కొందరు జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుల పక్కన నిలబెడతారు. అతను అనాథ కాడు. తల్లి బతికే ఉంది. పోషించలేక ఆరేళ్ల బిడ్డను ఆశ్రమంలో వదిలింది. అక్కడినుంచి అతను మళ్లీ మళ్లీ పారిపోయాడు. పట్టుకొచ్చారు. పదహారేళ్లకు పూర్తిగా వెళ్లిపోయాడు. ఆ ఆశ్రమంలో ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. తల్లి ఉన్నవాళ్లు, చిల్లర నేరాలకు కోర్టు పంపినవాళ్లు, ఇంటి పేదరికం తప్ప మరే కారణమూ లేనివాళ్లు. ఆ తల్లికి నెలకు కొంత డబ్బు అందివుంటే బిడ్డ ఆమె దగ్గరే ఉండేవాడు. ఊళ్లో బడి, బడిలో సంగీతం పాఠం ఉండివుంటే ట్రంపెట్ కూడా నేర్చుకునేవాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఇలాంటి చోటే కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాయిద్యం) పట్టాడు. 1912 డిసెంబరు 31 రాత్రి న్యూ ఓర్లీన్స్ వీధిలో పిస్తోలు పేల్చినందుకు పోలీసులు పట్టుకున్నారు. వయసు పదకొండు. నల్లజాతి బాలుర గృహానికి పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు సంగీతం నేర్పాడు. ఏడాదిన్నరకు బయటికి వచ్చాడు. బాలుర గృహాలు మంచివే అనడానికి ఈ ఉదాహరణ తరచూ వినిపిస్తుంది. ఆ వాదనలో లోపం ఉంది. పైకొచ్చిన ఒక్కడి పేరు మనకు తెలుస్తుంది. అదే వరుసలో నిలబడి, డోలు మోసి, పెద్దయ్యాక పేరు లేకుండా పోయిన వందలమంది పేర్లు తెలియవు. గొప్పవాళ్లను చూసి సంస్థకు మార్కులు వేస్తే, లెక్క ఎప్పుడూ సంస్థకే అనుకూలంగా తేలుతుంది.

1909 సంగతి ఇక్కడ మళ్లీ గుర్తుచేయాలి. ఆ మార్చిలో జెంకిన్స్ పిల్లలు వాషింగ్టన్ వీధుల్లో టాఫ్ట్ కోసం వాయించారు. అంతకు దాదాపు ఐదు వారాల ముందు, జనవరిలో, అదే నగరంలో వైట్‌హౌస్ పిలుపు మీద నిరాధార బాలల గురించి ఒక మహాసభ జరిగింది. పేదరికం ఒక్కటే కారణంగా ఏ బిడ్డనూ ఇంటినుంచి వేరుచేయకూడదని ఆ సభ తీర్మానించింది. అక్కడినుంచి పిల్లల సంక్షేమంలో కొత్త దారి మొదలైంది. 1911లో ఇలినాయ్ రాష్ట్రం తల్లుల పింఛను తెచ్చింది. మరెన్నో రాష్ట్రాలు అనుసరించాయి. 1935 సామాజిక భద్రత చట్టం ఆ సాయాన్ని దేశమంతటికీ విస్తరించింది. అనాథాశ్రమాలు క్రమంగా ఖాళీ అయ్యాయి. జబ్బు పిల్లల్లో లేదు, తల్లి చేతిలో డబ్బు లేకపోవడంలో ఉందని ఒప్పుకున్నాక జరిగిన మార్పు ఇది. అయితే ఆ పింఛన్లు ఎవరికివ్వాలో స్థానిక అధికారులు తేల్చేవారు. నల్లజాతి తల్లుల్లో చాలా కొద్దిమందికే అవి దక్కాయి. అందుకే దేశం దారి మార్చుకున్నాక కూడా చార్ల్‌స్టన్ పిల్లలు ఇంకా ఎన్నో ఏళ్లు వాయించాల్సి వచ్చింది.

ఇక ప్రపంచం వైపు చూద్దాం. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. తల్లిదండ్రుల దగ్గర పెరిగే హక్కు, చదువు, విశ్రాంతి, ఆట, కళల్లో పాల్గొనడం, ఆర్థిక దోపిడీ నుంచి రక్షణ, అన్నీ అందులో ఉన్నాయి. కళల్లో పాల్గొనే హక్కు, దోపిడీ నుంచి రక్షణ హక్కు పక్కపక్క అధికరణాల్లోనే (31, 32) ఉండటం గమనించదగ్గది. ఒకే పాట రెండింట్లో దేని కిందికైనా రావచ్చు. ఆ పాటకు ముందూ వెనకా ఏముందో చూస్తేనే తేడా తెలుస్తుంది. మన దేశం 1992లో ఒడంబడికలో చేరింది. అమెరికా 1995లో సంతకం చేసింది కానీ ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు.

పిల్లలు ఆశ్రమాల్లో ఉండటం మాత్రం ఆగలేదు. కనీసం ఇరవై ఏడు లక్షల మంది పిల్లలు సంస్థల్లో పెరుగుతున్నారని యూనిసెఫ్ 2017లో అంచనా వేసింది. వాళ్లలో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. కంబోడియా ఉదాహరణ చూస్తే ఇది ఎలా జరుగుతుందో అర్థమవుతుంది. 2005 నుంచి 2010 మధ్య అక్కడ అనాథాశ్రమాలు డెబ్భై ఐదు శాతం పెరిగాయి. ఆ ఆశ్రమాల పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లిదండ్రుల్లో ఒకరైనా ఉన్నారు. పెరిగింది అనాథలు కాదు, పర్యాటకుల రాక. అంగ్‌కోర్ గుడులు చూడటానికి వచ్చినవాళ్లను సాయంత్రం అనాథ పిల్లల నాట్యానికి పిలిచేవారు. చూసినవాళ్ల మనసు కరిగేది, చేయి జేబులోకి వెళ్లేది. ప్రదర్శన డబ్బు తెస్తుంటే ఆశ్రమానికి ఇంకొందరు పిల్లలు కావాలి. ఊళ్లోకి వెళ్లి, మీ బిడ్డను చదివిస్తామని పేద తల్లిదండ్రులకు చెబుతారు. బిడ్డ వస్తాడు. చార్ల్‌స్టన్‌లో పిల్లలకు గూడు కావాలి కాబట్టి మేళం పుట్టింది. ఇక్కడ మేళానికి పిల్లలు కావాలి కాబట్టి గూళ్లు పుట్టాయి. దారి తిరగబడింది.

ఈ ప్రమాదాన్ని గుర్తించి కొన్ని అడుగులు పడ్డాయి. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని సంస్థల్లో పెట్టకూడదని ఐక్యరాజ్యసమితి 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్ట్రేలియాలో ఆధునిక బానిసత్వ చట్టం మీద చర్చ జరిగినప్పుడు, లాభం కోసం పిల్లల్ని అనాథాశ్రమాల్లోకి తరలించడాన్ని కూడా మనుషుల అక్రమ రవాణాగా చూడాలని పార్లమెంటు విచారణ సంఘం చెప్పింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తల్లిదండ్రుల సంరక్షణ లేని పిల్లల మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

మన ఊళ్లలో ఈ విషయం ఇంటి గడపదాకా వస్తుంది. పుట్టినరోజుకో, పెద్దల సంవత్సరీకానికో అనాథాశ్రమంలో భోజనం పెట్టించడం తెలుగు కుటుంబాల్లో బాగా పాతుకున్న మంచి అలవాటు. అన్నం పెట్టాలనే ఆ మనసును గౌరవించాలి. ఒక్క విషయం గమనించండి. దాతలు రాగానే పిల్లల్ని వరుసగా నిలబెట్టి పాట పాడిస్తారు. ఫొటోలు తీస్తారు. పాడిన పిల్లకు ఆ రోజు పాడాలని ఉందా, హోంవర్క్ ఉందా, జ్వరం ఉందా అని అడిగేవాళ్లు ఉండరు. తినే ముద్దకు పాటతో బదులు తీర్చాలని ఆ పిల్ల మనసులో నాటుకుంటుంది. సొంత ఇంట్లో పిల్లలెవరూ అన్నానికి ఈ ధర కట్టరు.

మన చట్టాల్లో ఇందుకు సంబంధించిన సంగతులు రెండు ఉన్నాయి. సినిమాల్లో, టీవీ పాటల పోటీల్లో పాల్గొనే పిల్లల కోసం 2017లో బాలకార్మిక నిబంధనలు మార్చారు. రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు. మూడు గంటలకు ఒకసారి విశ్రాంతి ఉండాలి. చదువు ఆగకూడదు. సంపాదనలో కనీసం ఇరవై శాతం బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. జెంకిన్స్ పిల్లలు తెచ్చిన డబ్బు ఆశ్రమం నడపడానికే పోయింది. జాబో స్మిత్ పారిపోయిన నాడు అతని పేరున కూడబెట్టినదేమీ లేదు. రెండోది 2015 బాల న్యాయ చట్టం. పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా దాని కింద నమోదు కావాలి. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గంగా మాత్రమే ఉండాలని ఆ చట్టమే సూత్రంగా రాసుకుంది.

ఆఖరి మార్గం అంటే ముందున్న మార్గాలు తెరిచి ఉండాలి. కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ (బిడ్డను సొంత ఇంట్లోనే ఉంచి చదివించడానికి కుటుంబానికి ఇచ్చే నెలవారీ సాయం) అనే భాగం ఉంది. నెలకు నాలుగు వేల రూపాయలు. భర్తను పోగొట్టుకున్న తల్లి, భర్త వదిలేసిన తల్లి, అనాథలైన మనవల్ని సాకుతున్న అమ్మమ్మ, మంచాన పడ్డ తండ్రి ఉన్న ఇల్లు, ఇలాంటివారు అర్హులు. కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది. ప్రతి జిల్లాలో ఉండే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. బిడ్డ బడికి వెళ్తున్నట్టు రుజువు చూపాలి. బాలల సంక్షేమ సమితి (రక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చే సంఘం) ముందుకు వచ్చిన పిల్లలను కూడా ఈ సాయానికి పరిగణించవచ్చు. దారి తెలియని వారు బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేసి అడగవచ్చు. ఆశ్రమంలో అన్నదానం చేయించడానికి వెళ్లినప్పుడు అక్కడి పిల్లల్లో ఎందరికి తల్లులున్నారో, వాళ్లలో ఎందరికి ఈ సాయం కోసం దరఖాస్తు పెట్టారో నిర్వాహకులను అడగండి. దరఖాస్తు పెట్టని తల్లి ఒక్కరున్నా, ఆమెను జిల్లా కార్యాలయందాకా తీసుకెళ్లడానికి ఒక పూట చాలు.